నలభై ఒకటో ఫోల్డర్

నీలవేణి రాసింది ఒక్కటే వాక్యం. దాని మీద పదకొండు సంతకాలు పడాలి.

"ఈ సాధనం ఆఫీసు మెయిల్లో ఉన్న ఫోల్డర్ల పేర్లన్నీ అక్షరక్రమంలో చూపిస్తుంది."

వేములకోట సర్కిల్ విద్యుత్ కార్యాలయంలోకి కృత్రిమ మేధ అడుగుపెట్టి నెల రోజులైంది. దాని పేరు ప్రజ్ఞ. వచ్చిన మెయిళ్లు చదవడం, ఎవరివి వాళ్లకు పంపడం, ఇవ్వాల్సిన అనుమతులు ఇవ్వడం దాని ఉద్యోగం. దాన్ని అమ్మిన కంపెనీవాళ్లు వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పారు. "దీనికి సొంత బుర్ర ఉందనుకోకండి. ఏ సాధనం ఎలా వాడాలో మీరు రాసిచ్చిన పత్రమే దానికి వేదం. అందులో ఉన్నది చేస్తుంది, లేనిది చెయ్యదు."

ప్రజ్ఞకు ఇచ్చిన సాధనాల్లో మొట్టమొదటిది ఫోల్డర్ల జాబితా. ఆ సాధనం పేర్లు చూపిస్తే, ప్రజ్ఞ ఒక్కో ఫోల్డరూ తెరిచి చదువుతుంది. జాబితాలో కనబడని ఫోల్డర్ దాని దృష్టిలో భూమ్మీద లేనట్టే. ఆ సాధనానికి పత్రం రాసే పని ఔట్‌సోర్సింగ్ ఉద్యోగిని నీలవేణికి అప్పగించారు. ఆమె పది నిమిషాల్లో ముగించి ఏఓ, అంటే పరిపాలనాధికారి, సాంబమూర్తి బల్ల మీద పెట్టింది.

సాంబమూర్తి కాగితాన్ని ముందుకూ వెనక్కీ తిప్పి చూశాడు.

"మిగతాది ఏదమ్మాయ్?"

"అంతే సార్."

"ఒక్క ముక్కేనా! దీనికి ఫైలు ఎలా కట్టేది? ట్యాగు దారం వెయ్యడానికైనా రెండు కాగితాలుండాలి కదా." కళ్లజోడు సర్దుకున్నాడు. "సరే, అక్షరక్రమం అన్నావు. ఏదీ, ఆ వరస చదువు."

"అటెండర్ల సెలవులు. అభినందనలు. ఆడిట్ అభ్యంతరాలు. ఎల్సీ దరఖాస్తులు. ఎస్ఈ గారి తపాలా..."

"ఆగాగు." సాంబమూర్తి గొంతు తగ్గింది. "ఎస్ఈ గారు అయిదోవారా? అటెండర్ గోపాలం సెలవు చీటీలు ఒకటోదా?"

"అక్షరాలు అట్లా ఉన్నాయి సార్."

"అక్షరాలకేం తల్లీ, వాటికి బదిలీలుండవు. పోయినేడు సబ్‌స్టేషన్ శిలాఫలకం మీద ఒకాయన పేరు అంగుళం కిందకి చెక్కినందుకు ఏమైందో తెలుసా? చెక్కినోడికి ఏం కాలేదు. చెక్కమన్న నా ముందటి ఏఓ ఇప్పుడు ఏ అడవిలో ఉన్నాడో వాళ్లావిడక్కూడా తెలీదు." కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని లేచాడు. "ఇది కమిటీకి పోవాలి."

కమిటీ మూడుసార్లు కూర్చుంది. అధ్యక్షుడు సూపరింటెండింగ్ ఇంజనీరు పరాంకుశం, అందరూ ఎస్ఈ గారు అనే పెద్దాయన. ఆయన కింద డివిజనల్ ఇంజనీరు భానోజీరావు, ఇంకా తొమ్మిది మంది. టీ, పకోడీల మధ్య పరాంకుశం గంభీరంగా ప్రారంభించాడు.

"మిత్రులారా, ఫోల్డర్ అంటే ఉత్త సంచి కాదు. అదొక హోదా. యంత్రానికి మర్యాద నేర్పకుండా వదిలేస్తే రేపు అది మనల్ని పేరు పెట్టి పిలుస్తుంది."

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ దెబ్బతో మొదటి నియమం పుట్టింది: ఏ ఫోల్డర్ హోదా ఆ ఫోల్డర్ యజమాని హోదాయే. జాబితా హోదా వరసలోనే ఉండాలి.

రెండో సమావేశానికి వచ్చేసరికి భానోజీరావు ఇంకో ఫోల్డర్ తెరిచాడు. అంతవరకు 'డీఈ గారి దృష్టికి' అని ఒకటే ఉండేది. ఇప్పుడు 'డీఈ గారి ప్రత్యేక దృష్టికి' కూడా వచ్చింది. ఆ వార్త తెలిసిన పరాంకుశం 'ఎస్ఈ గారికి శుభాకాంక్షలు' తెరిచి, దాన్ని ఉగాది, దీపావళి, పుట్టినరోజు, పెళ్లిరోజు అని నాలుగు చేశాడు. మిగతావాళ్లు ఊరుకుంటారా? పంతొమ్మిది ఫోల్డర్లు కాస్తా నలభై మూడయ్యాయి.

"వీటిల్లో సగం ఖాళీవి సార్," అంది చివర కుర్చీలో కూర్చుని రాసుకుంటున్న నీలవేణి.

"ఖాళీగా ఉండటమే పెద్దరికం," అన్నాడు భానోజీరావు. "పని కిందవాళ్లకి పంచేశామని అర్థం. రాసుకో, నియమం పన్నెండు. ఖాళీ ఫోల్డర్‌ను చూసి ప్రజ్ఞ చిన్నచూపు చూడరాదు."

నీలవేణి రాసుకుంది. తర్వాత గొంతు సవరించుకుంది.

"సార్, ఒక విషయం. ఈ సాధనం ఒక్కసారికి ఇరవై అయిదు పేర్లే చూపిస్తుంది. మిగతావి కావాలంటే పత్రంలో 'పేర్లన్నీ' అని ఉండాలి, అప్పుడే తర్వాతి పేజీ తిప్పుతుంది."

పరాంకుశం చిరునవ్వు నవ్వాడు. "ఇరవై అయిదు చాలమ్మా. మన హాల్లో స్టేజీ మీద కుర్చీలూ ఇరవై అయిదే. ఆ తర్వాతివాళ్లు సభికులు. సభికుల్ని ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారా?"

చప్పట్లు మోగాయి. ఇరవై అయిదు తర్వాత వచ్చే ఫోల్డర్లను ప్రజ్ఞ సభికులుగా భావించాలని, తెరవనక్కర్లేదని ఇరవై రెండో నియమం తీర్మానించింది.

నీలవేణి కలం ఆగిపోయింది. "మరి ఎల్సీ ఫోల్డర్ ఎక్కడ ఉంటుంది సార్?"

"దాని యజమాని ఎవరు?"

"లైన్‌మెన్ సార్."

సాంబమూర్తి వేలు జాబితా వెంట కిందికి జారింది, జారింది, దాదాపు అంచుకెళ్లి ఆగింది. "నలభై ఒకటి. దానికింద అటెండర్ల సెలవులు, పోయిన గొడుగులు."

నీలవేణి భర్త ఏడుకొండలు ఆ సర్కిల్లోనే లైన్‌మన్. ఎల్సీ అంటే లైన్ క్లియర్. ఈ తీగలో కరెంటు తీసేశాం, నువ్వు దిగి వచ్చి పని అయిపోయిందని చెప్పేదాకా మళ్లీ వెయ్యం అని సబ్‌స్టేషన్ ఇచ్చే మాట. ఆ మాట మీదే మనిషి స్తంభం ఎక్కుతాడు. మూడేళ్ల కిందట ఎవరో ఆ మాట ఇవ్వకుండానే ఇచ్చామన్నారు. ఏడుకొండలుతో కలిసి ఉద్యోగంలో చేరిన షరీఫ్‌కి ఇప్పుడు కుడిచేతికి రెండు వేళ్లే ఉన్నాయి.

"సార్, ఎల్సీ ఫోల్డర్‌ని హోదాతో పని లేకుండా ముందు చూడమని ఒక్క ముక్క చేరుస్తాను," అంది నీలవేణి.

"లైన్‌మన్ ఫోల్డర్ నా ఫోల్డర్ కన్నా ముందా?" భానోజీరావు పకోడీ పళ్లెంలో పెట్టేశాడు. "అమ్మాయ్, నీకు మీ ఆయన మీద ప్రేముండొచ్చు. దాన్ని ప్రోటోకాల్లోకి తేవద్దు."

నియమం నలభైతో పత్రం అరవై నాలుగు పేజీల దగ్గర ఆగింది. ఇకపై ఎల్సీలు ఫోన్లో అడగకూడదు, ఇవ్వకూడదు. మెయిల్ పెడితే ప్రజ్ఞ చదివి మంజూరు చేస్తుంది, సబ్‌స్టేషన్ ఆపరేటర్ దాని మాటే వినాలి అని వేరే మెమో కూడా వెళ్లింది.

సాయంత్రం ఏడుకొండలు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేసరికి నీలవేణి వంటింట్లో వంకాయలు తరుగుతోంది. తరగడం అనడం కన్నా నరకడం అనడం సబబు.

"ఏందే, ఆ వంకాయలు నిన్నేమన్నాయి?"

"మీ ఎల్సీ నలభై ఒకటో ఫోల్డరంట. పోయిన గొడుగుల పక్కన."

ఏడుకొండలు పీట లాక్కుని కూర్చున్నాడు. "పోన్లే. గొడుగులన్నా దొరుకుతయ్యేమో చూస్తాలే."

"నవ్వమాక. రేపట్నించి నువ్వు మెయిల్ పెడితే అది చదవదు. చదవకపోతే కరెంటు తియ్యరు."

"తియ్యకపోతే నేను ఎక్కను."

"ఎక్కమని అరిస్తే?"

"అరిచేవోళ్లు కింద నిలబడి అరుస్తారు. ఎక్కేది నేను." చేతిలో ఉన్న తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "వేణీ, నీ మీద ఒట్టు. ఎల్సీ చేతికి రాకుండా కాలు పైన పెట్టను. సరేనా? ఆ కత్తిపీట ఇట్టియ్యి, వేలు కోసుకుంటావు."

పత్రం ఆవిష్కరణకు గురువారం పది గంటల నలభై రెండు నిమిషాలకు ముహూర్తం పెట్టారు. అదే నిమిషం నుంచి అమల్లోకి. ఆఫీసు గేటు దగ్గర ఇరవై అడుగుల ఫ్లెక్సీ లేచింది. దాని మీద ఇరవై అయిదు మంది అధికారుల ఫొటోలు, హోదాను బట్టి తలల సైజులు. పరాంకుశం తల లారీ టైరంత ఉంది.

పదీ నలభై రెండుకి పరాంకుశం పత్రాన్ని పైకెత్తాడు. ప్రజ్ఞ తెర మీద "నియమాలు శిరసావహించాను" అని చూపించింది. పదీ యాభైకి గాలి లేచింది. పదీ యాభై ఒకటికి ఫ్లెక్సీ ఇనప ఫ్రేముతో సహా ఎగిరి, గేటు ముందున్న పదకొండు కేవీ తీగల మీద వాలింది.

ఢామ్మంది. హాల్లో ఫ్యాన్లు ఆగాయి. మైకు ఆగింది. పరాంకుశం ఉపన్యాసం 'విద్యుత్ వినియోగదారుల చిరునవ్వే' దగ్గర తెగిపోయింది. జనరేటర్ ఉంది గానీ, దాని గది తాళం చెవి సెలవు మీద శ్రీశైలం వెళ్లింది.

నీలవేణి కిటికీ దగ్గరకు పరుగెత్తింది. సభ కోసం గేటు దగ్గర డ్యూటీ పడిన ఏడుకొండలు అప్పటికే స్తంభం మొదట్లో నిచ్చెన ఆనించాడు. ఫోన్లో ఎల్సీ కోసం మెయిల్ పెట్టాడు. నిచ్చెన పక్కన గొంతుక్కూర్చున్నాడు.

పది నిమిషాలు గడిచాయి. పట్టు చీరలూ సఫారీ సూట్లూ చెమటతో తడిశాయి. భానోజీరావు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏంరా ఏడుకొండలూ, ఆ కూర్చోవడం ఏంటి? పిక్నిక్కా?"

"ఎల్సీ రాలేదు సార్."

"ట్రిప్ అయింది కదరా! తీగలో కరెంటే లేదు, ఇంకా ఎల్సీ ఎందుకు? ఎక్కి పీకెయ్!"

"ఇప్పుడు లేదు సార్. వేస్తే వస్తది."

"ఎవడు వేస్తాడు? నేను చెప్తున్నా, ఎక్కు! ఎక్కకపోతే సాయంత్రానికి సస్పెన్షన్ చేతిలో పెడతా."

ఏడుకొండలు లేచాడు. నిచ్చెన మీద చెయ్యి వేశాడు. నీలవేణి కిటికీ చువ్వలు గట్టిగా పట్టుకుంది. అతను తలెత్తి కిటికీ వంక చూశాడు. చెయ్యి తీసేసి మళ్లీ కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే స్టేజీ మీద పరాంకుశం సెల్‌ఫోన్లోంచి మెయిల్ పెట్టాడు. 'నేను ఉన్న హాల్లో కరెంటు లేదు. వెంటనే పునరుద్ధరించాలి.' అది ఒకటో నంబరు ఫోల్డర్. ప్రజ్ఞ రెప్పపాటులో చదివి, రెప్పపాటులో సబ్‌స్టేషన్‌కు ఆదేశం పంపింది. ఆపరేటర్ మీట వేశాడు.

తీగల మీద ఫ్లెక్సీ భగ్గుమంది. నీలం మంట ఒక్క క్షణం పరాంకుశం ఫొటో చుట్టూ తిరిగి, మీసాలు కాల్చి, ఆగిపోయింది. ఆ తీగలకు కరెంటిచ్చే ఫీడర్ మళ్లీ ట్రిప్ అయింది. కాలిన ప్లాస్టిక్ ముక్కొకటి నిచ్చెన పైమెట్టు మీద పడి పొగలు కక్కింది.

భానోజీరావు తల మెల్లగా లోపలికి వచ్చింది. నీలవేణి వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. ఆయన రుమాలు వెతుక్కున్నాడు.

"ప్రజ్ఞని అడగండి," అన్నాడు పరాంకుశం.

నీలవేణి బ్యాటరీ మీద నడుస్తున్న ల్యాప్‌టాప్ తెరిచి అడిగింది. జవాబు వెంటనే వచ్చింది.

"జాబితాలో ఎల్సీ ఫోల్డర్ ఏదీ లేదు. ఎస్ఈ గారికి పెళ్లిరోజు శుభాకాంక్షలు రెండు ఉన్నాయి. చదవమంటారా?"

"ఆ దరఖాస్తు తీసి నా ఫోల్డర్‌లో పడెయ్యి!" అన్నాడు పరాంకుశం.

"కుదరదు సార్," అన్నాడు సాంబమూర్తి. "నియమం ముప్పై ఒకటి. కింది ఫోల్డర్‌లోని కాగితం పై ఫోల్డర్‌లోకి ప్రవేశించరాదు. తమరే ప్రతిపాదించారు."

"సబ్‌స్టేషన్‌కి ఫోన్ చెయ్యి!"

చేశారు. స్పీకర్లో ఆపరేటర్ గొంతు వినయంగా పలికింది. "సార్, ఫోన్లో ఎల్సీ ఇస్తే నా మీద చర్య తీసుకుంటామని మీ మెమో నా ముందే ఉంది సార్. లామినేషన్ కూడా చేయించాను సార్."

"అయితే పత్రాన్నే మార్చండయ్యా!"

"మార్చాలంటే పదకొండు సంతకాలు, ఒక్కోదానికి మూడు పనిదినాలు." సాంబమూర్తి పేజీలు తిప్పాడు. "అత్యవసరమైతే ఎస్ఈ ఒక్కరే సంతకం పెట్టి మార్చొచ్చు. కాకపోతే కింద స్వహస్తాలతో 'పూర్తి బాధ్యత నాదే' అని రాయాలి."

పరాంకుశం చేతిలోకి వచ్చిన కలం, వచ్చినంత వేగంగా జేబులోకి వెళ్లిపోయింది.

"పూర్తి బాధ్యతా? రాతపూర్వకంగానా? ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో ఎప్పుడైనా అలాంటి పని చేశానా నేను?"

"ఎన్నడూ లేదు సార్," అన్నారు పదిమందీ ముక్తకంఠంతో.

సాంబమూర్తి నుదురు రుద్దుకున్నాడు. ఆయన ముఖంలో వెలుగొచ్చింది.

"దారుంది సార్. ఫోల్డర్ హోదా యజమాని హోదాయే కదా. ఆ లైన్‌మన్‌ని తాత్కాలికంగా ఇన్‌చార్జి ఎస్ఈని చేసేస్తే, ఎల్సీ ఫోల్డర్ ఒకటో నంబరుకి వచ్చేస్తుంది. తమరు పూటకి సెలవు పెడితే చాలు. అందుబాటులో ఉన్న ఏ ఉద్యోగికైనా అదనపు బాధ్యతలు ఇవ్వొచ్చని నిబంధనల్లో ఉంది."

భానోజీరావు ఏదో అనబోయాడు. హాల్లో ఉక్క ఆయన నోరు మూయించింది. నాలుగు నిమిషాల్లో ఉత్తర్వు తయారైంది. నీలవేణి దాన్ని కిందికి పట్టుకెళ్లింది, వెనక సాంబమూర్తి ల్యాప్‌టాప్ మోసుకుంటూ వచ్చాడు.

ఏడుకొండలు ఉత్తర్వు చదివి నోరు తెరిచాడు. "నేనా? ఎస్ఈనా?"

"అవును సార్," అన్నాడు సాంబమూర్తి. ఇరవై ఏళ్ల అలవాటు, కుర్చీని బట్టి నాలుక దానంతటదే తిరిగింది. "తమరు నిచ్చెన పక్కనుంచి లేచి కాస్త నీడకి రండి సార్."

ప్రజ్ఞ జాబితా మారింది. ఎల్సీ ఫోల్డర్ ఎగిరి మొదటి స్థానంలో కూర్చుంది. ముగ్గురూ తెర మీదికి వంగారు.

"ఒకటో నంబరు ఫోల్డర్‌లో ఒక ఎల్సీ దరఖాస్తు ఉంది. దరఖాస్తుదారు ఇన్‌చార్జి ఎస్ఈ ఏడుకొండలు గారు. నియమం పంతొమ్మిది ప్రకారం మొదటి పది స్థానాల్లోని అధికారులు స్తంభాలు, నిచ్చెనలు ఎక్కడం హోదాకు భంగం. దరఖాస్తు గౌరవపూర్వకంగా తిరస్కరించడమైనది."

సాంబమూర్తి గేటు అరుగు మీద కూలబడ్డాడు. "లైన్‌మన్‌గా ఉంటే కనపడడు. కనపడితే ఎక్కనివ్వదు. భగవంతుడా, ఎంత పకడ్బందీగా రాశామమ్మా!"

ఏడుకొండలు తల గోక్కున్నాడు. "ఏఓ గారూ, ఇప్పుడు నేను నిజంగా ఎస్ఈనే గదా?"

"మధ్యాహ్నం ఒంటిగంట దాకా సార్."

"అయితే ఆ పత్రం మార్చే సంతకం నేను పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు సార్. కానీ..." సాంబమూర్తి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "కింద ఆ ముక్క రాయాలి."

"వేణీ, నువ్వు మొదట రాసిన కాగితం పారేశావా?"

నీలవేణి హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. నాలుగు మడతల కాగితం బయటికి తీసింది. ఏడుకొండలు దాన్ని నిచ్చెన మెట్టు మీద పరిచి, అరవై నాలుగు పేజీల స్థానంలో ఇది అమలు అని సాంబమూర్తి చెప్పినట్టే రాశాడు. సంతకం పెట్టాడు. కింద గుండ్రటి అక్షరాలతో 'పూర్తి బాధ్యత నాదే' అని రాశాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రోజూ చేసే పనే కదా.

నీలవేణి ఆ ఒక్క వాక్యాన్నే ప్రజ్ఞకు ఎక్కించింది. నలభై మూడు పేర్లూ తెర మీద బారులు తీరాయి. అటెండర్ల సెలవులు. అభినందనలు. ఆడిట్ అభ్యంతరాలు. ఎల్సీ దరఖాస్తులు.

"ఎల్సీ మంజూరైంది. దరఖాస్తుదారు స్వయంగా తిరిగి ఇచ్చేదాకా ఫీడర్ వెయ్యరాదని సబ్‌స్టేషన్‌కు ఆదేశించాను."

అయినా ఏడుకొండలు ఆపరేటర్‌కు ఫోన్ చేశాడు. "తమ్ముడూ, తీశావా?"

"తీశానన్నా. తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నా. మీరు చెప్పేదాకా నేను గదిలోంచి కదలను."

ఆ గొంతు విన్నాక ఏడుకొండలు గ్లౌజులు తొడిగాడు, బెల్టు బిగించాడు. తీగలకు ఎర్త్ తగిలించి, ఎక్కాడు. ఒక ఎస్ఈ స్తంభం ఎక్కడం ఆ సర్కిల్ చరిత్రలో అదే మొదలు. కిటికీల్లో ఇరవై అయిదు తలలు కనిపించాయి, ఈసారి అన్నీ ఒకే సైజులో ఉన్నాయి. నీలవేణి మాత్రం అతని చేతుల్నే చూస్తూ నిలబడింది. అతను దిగి, వేళ్లు పదీ ఆమె ముందు ఆడించేదాకా ఊపిరి పీల్చుకోలేదు.

పదకొండూ యాభైకి ఫ్యాన్లు తిరిగాయి. పరాంకుశం 'విద్యుత్ వినియోగదారుల చిరునవ్వే' దగ్గర్నుంచి మళ్లీ అందుకున్నాడు.

వారం తర్వాత మెమో వచ్చింది. 'మీరు ఇన్‌చార్జి ఎస్ఈగా ఉన్న కాలంలో, కమిటీ ఆమోదించిన అరవై నాలుగు పేజీల పత్రాన్ని ఏకపక్షంగా మార్చి, పూర్తి బాధ్యత నాదే అని రాసియున్నారు. అట్టి వాక్యము రాయుట ఈ కార్యాలయ సంప్రదాయమునకు విరుద్ధము. ఏ కారణముచే రాసితిరో మూడు దినములలో తెలుపగలరు.' పాత పత్రాన్ని మళ్లీ తెద్దామని కూడా అనుకున్నారు గానీ, ఆ ముక్క రాసి మార్చినదాన్ని మళ్లీ ఆ ముక్క రాసే మార్చాలట. పూర్తి బాధ్యత నాదే అని రాసేవాళ్లు ఎవరూ దొరకలేదు.

జవాబు నీలవేణి టైపు చేసింది, ఏడుకొండలు సంతకం పెట్టాడు. ఆమె దాన్ని తెచ్చి సాంబమూర్తి బల్ల మీద పెట్టింది.

'ఎక్కేది నేనే కాబట్టి.'

సాంబమూర్తి కాగితాన్ని ముందుకు తిప్పాడు. వెనక్కి తిప్పబోయి ఆగాడు. కాగితం చేతిలోనే ఉంచుకుని కిటికీ వైపు తిరిగాడు. కిటికీ అవతల, బజారు మలుపులో, ఎవరో లైన్‌మన్ స్తంభం ఎక్కుతున్నాడు. ఎవరో ఇంతదూరానికి తెలియడం లేదు.

"అమ్మాయ్," అన్నాడు, కళ్లు అటే ఉంచి. "అతను ఎల్సీ తీసుకున్నాడా?"

నీలవేణి తన బల్ల దగ్గరకు వెళ్లి చూసింది. నాలుగో ఫోల్డర్.

"తీసుకున్నాడు సార్."

సాంబమూర్తి కాగితం మీద 'చూశాను' అని రాసి, ట్యాగు దారం కోసం వెతక్కుండానే ఫైల్లో పెట్టాడు.